తెర పక్కన సమాధానం

రెండో గంట కొట్టినాక వచ్చింది అబిగయీలు. ఆలస్యంగా వచ్చినవాళ్లు వెనక చాపల మీద కూర్చోవడం కోట ఊరి చర్చి సంఘంలో వాడుకే గానీ, రోజూ సాయంత్రం ఏడుగంటలకు టీవీలో పేరు పడే మనిషిని వెనక ఎవరు కూర్చోనిస్తారు? సంఘపెద్ద ముత్యాలయ్య గారు కండువా సర్దుకుంటూ ఎదురుపోయి, ఆడవాళ్ల వైపు రెండో వరుసలో ఇద్దరు పిల్లల్ని పక్కకు జరిపి, ఆమెను తీసుకొచ్చి సరిగ్గా ఎలిశబెతు ముందు కూర్చోబెట్టినాడు. ఆయనకేం తెలుసు. ఎలిశబెతు పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఎదురుగా ఉన్న ఆ వీపు చూస్తా ఉండిపోయింది. మంచి చీర, తేనెరంగు. మెడ మీద రంగు వేసిన వెంట్రుకల కింద రెండు తెల్లవి తప్పించుకుని బయటికొచ్చినాయి. పందొమ్మిదేళ్ల కింద ఆ మెడ మీద ఎప్పుడూ చెమట, చేతిలో ఎప్పుడూ పాటలు రాసిన కాగితాలు. అప్పటి పాస్టరు అయ్యగారి కూతురు, సంఘమంతా పాపగారు అని పిలిచేది. ఎలిశబెతును మాత్రం అక్కా అనేది. ఇప్పుడు కూర్చునేటప్పుడు వెనక ఎవరున్నారో తిరిగి చూడలేదు. తెలియకపోతే చూసి ఉండేది. చూడలేదంటే తెలుసనే కదా.

ఇది బల్ల ఆదివారం కాకపోయినా బాగుండేది. మామూలు ఆదివారమైతే పాటలు పాడుకుని, వాక్యం విని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, చెప్పులు వేసుకుని పోవచ్చు. నెలకొక్కసారి ప్రభువు బల్ల. రొట్టె ఇచ్చే ముందు అయ్యగారు బల్ల దగ్గర నుంచి సమాధానం పంపిస్తారు. మొదటి వరుసకు ఆయన ఇస్తే, వాళ్లు వెనక్కి తిరిగి రెండో వరుస చేతులు పట్టుకుని “సమాధానం” అంటారు, రెండో వరుస మూడో వరుసకు, అట్లా గుమ్మం దాకా. మనసులో ఎవరి మీదైనా కోపం ఉంటే ఆ చేతులు పట్టుకోకూడదు, పట్టుకోకపోతే రొట్టె తీసుకోకూడదు. ఇరవై నాలుగేళ్లుగా ఎలిశబెతు ఒక్క బల్ల కూడా తప్పలేదు. బిడ్డను పూడ్చిపెట్టిన నెలలో కూడా తప్పలేదు. ఈ రోజు ఆ తేనెరంగు చీర వెనక్కి తిరుగుతుంది, రెండు చేతులూ చాపుతుంది, ఆ మాట అంటుంది. ఆ మాటే అంటుంది. ఇంకో గంట ఉంది. గంట కూడా లేదేమో. ఫ్యాను తిరగతా ఉంది, హార్మోనియం మీద మొదటి పాట ఎత్తుకున్నారు, ఎలిశబెతు నోరు దానంతటది పాడతా ఉంది.

సీరియల్ పేరు ‘పాట కట్టిన ఊరు’. ఒక చిన్న ఊళ్లో పదిమంది కలిసి పాటల నాటకం ఒకటి తయారు చేస్తారు, దాని కథ. హార్మోనియం ఎవరు వాయించాలి, పాటలకు బాణీ ఎవరు కట్టాలి, తెరకు చీరలు ఎవరిళ్ల నుంచి తేవాలి, మగవేషం ఎవరు కట్టాలి, ఇవే గొడవలు, ఇవే నవ్వులు. మొదలైన కొత్తలో అబిగయీలు రాస్తా ఉందంట అని తెలిసి సంఘమంతా సంబరపడింది, అందరికంటే ఎక్కువ సంబరపడింది ఎలిశబెతే. రొయ్యల షెడ్డులో తలలు తీస్తా తీస్తా పక్కవాళ్లకు చెప్పుకునింది, ఆ తెర మాదే, ఆ దుప్పట్లు కుట్టింది మేమే, ఆ హార్మోనియం ముసలాయన మా ఎస్తేరమ్మ పెద్దమ్మ మొగుడే అని. నిజంగానే అన్నీ అవే. క్రిస్మస్ ముందటి ఆదివారం ఈ చర్చి ఆవరణలోనే వేసినారు ఆ నాటకం. సముద్రంలో తుపాను, పడవ రాలేదు, ఒడ్డున తల్లి దీపం పట్టుకుని పాడతా ఉంటుంది. పాటలన్నీ అబిగయీలు కట్టింది. తల్లి వేషం ఎలిశబెతుది. నీ గొంతు లేకపోతే నా నాటకం లేదక్కా అనేది. అది పొగడ్త అనుకునింది ఎలిశబెతు. అందులో ఇంకో అర్థం ఉందని అప్పుడు ఎవరికి తోస్తుంది.

మంగళవారం నాడు టీవీలో ఆ తల్లి వేషం కట్టిన మనిషి బిడ్డకు జ్వరం వచ్చింది. ఇంటి నుంచి కబురు వచ్చింది. ఆమె పోలేదు, పాడింది. పాట మొత్తం పాడింది, దీపం వెలుగులో ఆ నటి బుగ్గ మీద కన్నీళ్లు మెరిసినాయి. బుధవారం షెడ్డులో ఒకటే మాట. ఇదొక తల్లా అనేది ఒకామె, బిడ్డ కంటే చప్పట్లు ఎక్కువైనాయా అనేది ఇంకొకామె, వేషాలకు మరిగిన ఆడది ఇంటికి పనికొస్తుందా అని మేస్త్రీ కూడా ఒక మాట వేసినాడు. ఎలిశబెతు చేతిలో రొయ్య తల తెగలేదు, మొత్తం చితికిపోయింది. షెడ్డులో ఒక్క జైతూన్‌బీ మాత్రం, నిదానంగా మాట్లాడే మనిషి, ఉండండమ్మా, ఆ కబురు ఆమెకు ఎవరు చెప్పినారు, ఏమని చెప్పినారు, అది చూపించలేదు కదా ఇంకా, అనింది. అందరూ నవ్వినారు, నువ్వేమన్నా లాయరమ్మవా జైతూనక్కా అని. ఎలిశబెతు నవ్వలేదు. ఆ రోజు ఇంటికి పోయేదాకా ఆ ప్రశ్న వెంట పడి వచ్చింది. ఎవరు చెప్పినారు. ఏమని చెప్పినారు.

పందొమ్మిదేళ్లుగా తన చెవినే తప్పు పట్టుకుంటా వచ్చింది. ఆ నాటకం నాడు చీకటి పడతా ఉంది, ఆవరణలో ట్యూబులైట్ల కింద జనం, తను తెర పక్కన దీపం పట్టుకుని మూడో పాటకు కాచుకుని ఉంది. గేటు దగ్గర మాల్యాద్రి ఖాకీ చొక్కా కనిపించింది. వాళ్ల రొయ్యల గుంటల కాడి పల్లెలో ఆటో ఉండేది అతనికొక్కడికే. పొద్దున పాపకు కాస్త ఒళ్లు వెచ్చగా ఉన్నింది, మొగుడు లాజరస్ నేను చూసుకుంటా నువ్వు పో అన్నాడు, పాలు పట్టించి వచ్చింది. దీవెనమ్మ. పద్నాలుగు నెలల బిడ్డ. మాల్యాద్రి చర్చి మనిషి కాదు, ఆడవాళ్లు వేషాలు కట్టుకునే చోటికి రావడం మర్యాద కాదని గేటు కాడే నిలబడి అబిగయీలుతో ఏదో చెప్పి, చేతులు కట్టుకుని ఉన్నాడు. అబిగయీలు పరుగెత్తుకుంటా వచ్చింది. మాల్యాద్రి ఎందుకొచ్చినాడు అని ఎలిశబెతు అడిగింది. అబిగయీలు పెదవులు చెవికి ఆనించి చెప్పింది. హార్మోనియం ఎత్తుకునింది అప్పుడే. “సమాధానం, అక్కా.” అంతే వినపడింది. భుజం మీద చెయ్యి వేసి వేదిక మీదికి నెట్టింది, మెత్తగా, ఉయ్యాల ఊపినట్టు.

బయట బజారులో సమాధానమంటే అడిగిన దానికి చెప్పే జవాబు. మాల్యాద్రి నోట అదే. చర్చిలో పెరిగిన దాని చెవికి అది వేరే మాట. నెమ్మది, క్షేమం, భయపడే పని లేదు. చిన్నప్పటి నుంచి ప్రార్థన చివర విన్నది, పెళ్లిలో విన్నది, చావులో విన్నది, నెలనెలా చేతుల్లో పెట్టినది. ఇంటి కాడ సమాధానం. అయితే బిడ్డ నిద్రపోయింది. దేవునికి స్తోత్రం అనుకుని పాడింది. ఎప్పుడూ పాడనంత బాగా పాడింది, అదీ నిజమే, అది మరీ నిజం. రెండోసారి పాడమన్నారు, పాడింది. ముఖానికి రంగుతోనే ఇంటికి పోతే తాళం వేసి ఉంది. లాజరస్ ఒళ్లోనే, గూడూరు ఆసుపత్రి దారిలో, ఆటోలో పోయింది బిడ్డ. గంట ముందు వచ్చి ఉన్నా అయ్యేదేం లేదమ్మా, ఊపిరితిత్తులు నిండిపోయినాయి అని డాక్టరు చెప్పినాడు. అది ఓదార్పు అనుకున్నాడు ఆయన. బతకదని తెలిసినా చివర తల్లి ఒళ్లో ఉండాలి కదా. పాలు మరవని బిడ్డ.

తర్వాత అబిగయీలును పట్టుకుని ఏడ్చింది. ఏమన్నావు నువ్వు, నాకేం వినపడింది అని. అబిగయీలు కూడా ఏడ్చింది, మాల్యాద్రి సమాధానం చెప్పమన్నాడు అనే అన్నానక్కా, హార్మోనియం మోతలో నీకు చివరిది వినపడలేదేమో, అనింది. చెప్పమన్నాడు అనే ముక్క. అంత చిన్న ముక్క. అయితే తప్పు నాదే, నా చెవిదే, నాకు కావాల్సిన మాటే విన్నా నేను, అని ఎలిశబెతు నమ్మింది. ఇన్నేళ్లు మోకాళ్ల మీద దేవుణ్ణి అడిగింది అదే. ప్రభువా, నీ మాటే కదా, నీ మాటే నాకెందుకు అడ్డం పడింది. ఆయన ఏమీ చెప్పలేదు. చెప్పకపోతే ఆయనకు కోపమని కాదు, మన చెవి ఇంకా సరిగా లేదని అనుకునేది.

గురువారం నాడు టీవీలో చూపించినారు. తెర పక్కన ఉండే స్నేహితురాలు, ఆ నాటకం రాసిన పిల్ల, కబురు మొత్తం వింటుంది. జనాన్ని చూస్తుంది. కలెక్టరు గారి భార్య ముందు కుర్చీలో ఉంది, పాట ఆగితే నాటకం ఆగుతుంది. పోయి తల్లితో, ఇంట్లో అంతా బాగుందంట, పాడు, అంటుంది. వచ్చినవాడితో, పాట అయ్యాక వస్తుందని చెప్పు, అంటుంది. ఎలిశబెతు చేతిలో అన్నం ముద్ద అట్లే ఉండిపోయింది. చర్చి లేని కథలో ఆ మాట కుదరదు కదా, అందుకని మార్చింది. టీవీలో పిల్ల అబద్ధం చెప్పింది. అబిగయీలు ఆ రోజు అబద్ధం కూడా చెప్పలేదు. మాల్యాద్రి మాటలన్నీ తీసేసి ఒక్కటి మిగిల్చింది. అది ఎలిశబెతు చెవిలో ఎట్లా మోగుతుందో అయ్యగారి కూతురికి తెలియదా? లేక ఇదంతా ఇప్పుడు కథ కోసం అల్లిందా? అల్లితే ఆ చెయ్యి, ఉయ్యాల ఊపినట్టు భుజం నెట్టిన ఆ చెయ్యి, టీవీలోకి ఎట్లా వచ్చింది? పందొమ్మిదేళ్లు తనకు చెప్పని దాన్ని ఊరూరికీ చెప్పింది. అందరితో పాటు, అన్నం తింటా, మధ్యలో సబ్బుల యాడ్ చూసి, తెలుసుకోవాల్సి వచ్చింది.

లాజరస్ పక్కనే ఉన్నాడు. గుంటలకు మేత వేసి వచ్చి, కాళ్లు కడుక్కుని, గోడకు ఆనుకుని చూస్తా ఉన్నాడు. ఈయన ఒక్కనాడు కూడా ఆ సంగతి ఎత్తిన మనిషి కాదు. ఆ రోజుల్లో నాకు వినపడలేదు అని ఎలిశబెతు చెప్పుకుంటే, సరేలే, అన్నాడు. అంతే. మాల్యాద్రి వచ్చి ఆయనకు ఏమని చెప్పినాడో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. మరుసటేడు మాల్యాద్రి పని చూసుకుని ఊరొదిలి పోయినాడు, ఏడేళ్ల కింద చనిపోయినాడని తెలిసింది. గురువారం టీవీ కట్టేసినాక ఎలిశబెతు చెప్పింది, నాకు చెప్పనేలేదయ్యా ఆ పిల్ల, అట్లనే చేసింది, అని. లాజరస్ లేచి తలుపు గొళ్లెం పెట్టినాడు. “అప్పుడేమో వినపడలేదన్నావు,” అన్నాడు. “ఇప్పుడేమో చెప్పలేదంటా ఉండావు. సీరియల్ చూసి చెప్తా ఉండావా ఎలిశబెతూ?” గొంతులో కోపం లేదు. అలిసిపోయిన మనిషి అడిగినట్టు అడిగినాడు. అప్పుడు తెలిసింది ఆమెకు, పందొమ్మిదేళ్లుగా ఈయన ఏమనుకుంటా పక్కన పడుకున్నాడో. తెలిసి పాడిందని. అట్లా అనుకునే కూడు తిన్నాడు, ఆమెకు జ్వరమొస్తే కాళ్లు పట్టినాడు, పోయిన బిడ్డ పేరు ఎత్తకుండా బతికినాడు. ఇప్పుడు నిజం చెప్దామంటే ఆ నిజం సీరియల్‌ది అయిపోయింది. ఎవరికి చెప్పినా, అవునవును, మేమూ చూసినాం, అంటారు.

శుక్రవారం ఫోన్లో ఆ సీను వీడియో ముక్క వచ్చింది, కింద జనం రాసిన మాటలు వేలు వేలు. ఏడో తరగతి చదువు, ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. స్నేహితురాలు ఏం చేస్తుంది పాపం, నాటకాన్ని నిలబెట్టింది. కన్నతల్లికి మనసు కీడు చెప్పదా, ఇదంతా నాటకం. పాట మాత్రం గుండె పిండేసింది, రింగ్‌టోన్ ఉంటే పెట్టండి. ఆ పిల్ల చేసింది తప్పే కానీ కళ కోసం చేసింది. మా అమ్మ అన్నం మానేసింది, దయచేసి పాపను చంపకండి. పాపను చంపితే ఈ సీరియల్ చూడం. పాపను బతికించండి. పాపను బతికించండి. చేతులు జోడించిన బొమ్మలు వరసగా. శనివారం సాయంత్రం పాప కళ్లు తెరిచింది. ఆసుపత్రి మంచం మీద, ముక్కులో గొట్టంతో, అమ్మా అనింది. వీధిలో ఎవరో కేక వేసినారు సంతోషంగా. ఎలిశబెతు వంటింట్లోకి పోయి నీళ్ల బిందె పట్టుకుని నిలబడింది. అంతమంది అడిగితే బతుకుతుందా బిడ్డ? అప్పుడు నేను ఒక్కదాన్నే అడిగినాను ప్రభువా. అందుకా? వెంటనే నాలుక కరుచుకునింది. తప్పు, తప్పు. కానీ అనుకున్నది అనుకున్నదే, వెనక్కి తీసుకుంటే పోతుందా.

ఇప్పటి పాస్టరు జయకుమార్ అయ్యగారు వాక్యం చెప్తా ఉన్నాడు. ఎప్పుడు మొదలుపెట్టినాడో తెలియలేదు. మా పాప నిన్న ఆ సీరియల్లో బిడ్డ బతికిందని గంతులేసిందండీ, అని ఆయన నవ్వితే ఆడవాళ్లందరూ నవ్వినారు, ముత్యాలయ్య గారు ముందుకు వంగి అబిగయీలు వైపు చూసి తల ఊపినాడు. మన సంఘపు బిడ్డ ఇంత మందిని ఏడిపించింది, ఇంత మందిని ఓదార్చింది, అని అయ్యగారు అంటే ఎవరో ఆమేన్ అన్నారు. ఆ వీపు కదల్లేదు. చెవుల వెనక మాత్రం కాస్త ఎర్రబడింది. సిగ్గా? ఇంకోటా? మనిషి వీపు చూసి ఏం తెలుస్తుంది. ఒకవేళ నాకు చెప్పుకోలేక లోకానికి చెప్పుకునిందా ఈ పిల్ల? పందొమ్మిదేళ్ల కింద పందొమ్మిదేళ్లు దానికి. భయపడి ఉంటుంది. భయపడిన పిల్లను క్షమించొచ్చు. కానీ మొన్న గురువారం అది పిల్ల కాదే. కథ రాసేటప్పుడు, ఎవరెవరో చదివి దిద్దేటప్పుడు, నటి ఏడ్చేటప్పుడు, ఒక్కసారి ఫోను తీసి అక్కా అనడానికి తీరిక లేకపోయిందా? మగవాళ్ల వైపు కిటికీ కాడ లాజరస్ తల వంచుకుని ఉన్నాడు. కాలర్ మీద చెమట. ఆయన కూడా ఆ వీపును చూస్తా ఉన్నాడేమో, చూసి నీ మాటే నిజమా ఎలిశబెతూ అని మనసులోనే అడుగుతా ఉన్నాడేమో. అడిగే నోరు కాదు అది.

బల్ల మీది తెల్లగుడ్డ తీసినారు. అయ్యగారు రెండు చేతులూ చాపి, ప్రభువు సమాధానం మీకు తోడై ఉండును గాక, అన్నాడు. మొదటి వరుస లేచి మోకాళ్ల మీద తిరిగింది. గాజుల చప్పుడు, చీరల చప్పుడు, సమాధానం, సమాధానం అని సన్నగా, వాన మొదలైనట్టు. ముత్యాలయ్య గారి భార్య అబిగయీలు చేతులు పట్టుకుని గట్టిగా ఊపింది. ఇప్పుడు తిరగాలి. అబిగయీలు తిరిగింది. ముఖం ఉబ్బి ఉంది, కాటుక లేదు. ముప్పై ఎనిమిదేళ్ల ముఖం. రెండు చేతులూ చాపింది. ఆ మాట మాత్రం అనలేదు.

ఎలిశబెతు చేతులు పాటల పుస్తకం మీదే ఉన్నాయి. “మాల్యాద్రి ఏం చెప్పినాడు?” అనింది. తన గొంతు తనకే నెమ్మదిగా వినపడింది.

అటు మగవాళ్ల వరుసల్లో సమాధానం ఇంకా సాగతా ఉంది, ఇటు ఆగిపోయింది. వెనక నుంచి ఎస్తేరమ్మ పెద్దమ్మ, ఇంకా రాలేదే, అని గొణిగింది. అబిగయీలు ఆ ముసలామెను చూసింది, బల్లను చూసింది, మళ్లీ ఎలిశబెతును చూసింది.

“బిడ్డ ఊపిరి అందక ఎగపోస్తా ఉందన్నాడు. ఆటో గేటు కాడే పెట్టినా అన్నాడు. వస్తుందో రాదో సమాధానం చెప్పమన్నాడు మీ ఆయన, అన్నాడు.”

“నువ్వేమని పంపించినావు?”

“పాట అయినాక వస్తుందని.”

“ఎవరన్నట్టు?”

“నువ్వన్నట్టు, అక్కా.”

పందొమ్మిదేళ్ల తర్వాత కబురు చేరింది. మొత్తం చేరింది, ఒక్క ముక్క పోకుండా. చేరితే ఏడుపు వస్తుందనుకునింది, రాలేదు. ఈ చేతులు పట్టుకోవచ్చా కూడదా అని పొద్దుటి నుంచి దేవుణ్ణి అడిగింది కదా, ఇప్పుడు చూస్తే ఆ ప్రశ్నే తనది కాదు. ఆ రోజు ఎగపోసే బిడ్డను ఎత్తుకుని వాకిట్లో నిలబడి, వస్తుందా రాదా అని అడిగిన మనిషి ఒకడున్నాడు. ఆయనకు ఇంతవరకూ ఎవరూ ఏమీ చెప్పలేదు.

“సమాధానం అడిగింది నేను కాదు పాపగారూ,” అనింది ఎలిశబెతు. “అదో, ఆ కిటికీ కాడ ఉన్నాడు. పోయి ఆయనకు చెప్పు.”

ఆడవాళ్ల వైపుకూ మగవాళ్ల వైపుకూ మధ్య కొబ్బరిపీచు పట్టా ఒకటి పరిచి ఉంటుంది. ఆరాధన జరిగేటప్పుడు దాన్ని దాటి ఎవరూ అటు పోరు. అబిగయీలు లేచింది. చీర కుచ్చిళ్లు కాలికి తగిలి తూలింది, ఎవరూ పట్టుకోలేదు, పడలేదు. పట్టా దాటింది. అయ్యగారు రొట్టె పళ్లెం చేతిలో పట్టుకుని చూస్తా ఉండిపోయినాడు. ఎదురుగా తేనెరంగు చీర వచ్చి మోకాళ్ల మీద కూర్చునేసరికి లాజరస్ తల ఎత్తినాడు. సమాధానం తన దాకా వచ్చిందనుకుని, అలవాటు కొద్దీ రెండు చేతులూ చాపినాడు. అబిగయీలు ఆ చేతులు పట్టుకోలేదు. ముందు చెప్పడం మొదలుపెట్టింది.